చర్చి గల్లీకి వేసిన రోడ్డు

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే గుర్రాలకుంట వస్తుంది. ఆ ఊరి పంచాయతీలో ఆరో వార్డు మెంబర్ జోస్నా. ఆరో వార్డంటే చర్చి గల్లీ, నలభై ఇళ్లు. జోస్నా రోజూ పొద్దున బస్సులో ఎల్‌బీ నగర్ వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతుంది. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మెంబర్‌గా గెలిచాక కూడా ఆ పని మానలేదు. మెంబర్‌గిరీతో ఇల్లు గడవదు.

ఓటు అడిగినప్పుడు ఆమె చెప్పింది ఒకటే మాట. గల్లీలో నీళ్లు నిలవకుండా చేయిస్తానని. చర్చి గల్లీ ఊరికి పల్లం. ఊళ్లో ఎక్కడ వాన పడినా నీళ్లు అక్కడికే వస్తాయి. పూర్వం అవి గల్లీ చివరనున్న నాలాలో పడి కుంటలోకి పోయేవి. నాలుగేళ్ల కింద ఆ పక్క పొలాలను కొని ఎవరో ప్లాట్ల వెంచర్ వేశారు. చుట్టూ గోడ లేచింది. నాలా గోడకు అవతల పడింది. తర్వాత దాన్ని మట్టితో పూడ్చి, పైన గడ్డి పరిచి, ఉయ్యాలలు పెట్టి పార్కు అన్నారు. అప్పటినుంచి పెద్ద వానొస్తే చర్చి గల్లీలో మోకాలిలోతు నీళ్లు రెండేసి రోజులు కదిలేవి కావు. ఇళ్లకు అరుగులున్నాయి గనుక గడప దాటి లోపలికి మాత్రం వచ్చేవి కావు.

మొదటి ఏడాదంతా జోస్నా ప్రతి మీటింగులో ఈ మాటే ఎత్తింది. చివరికి ఒక పొద్దున సెక్రటరీ శేఖర్ తీర్మానాల పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

"మీ గల్లీ పనే మేడం. సీసీ రోడ్డు, పక్కన మోరీ. అయిపోయింది ఇగ మీ పరేషానీ. సంతకం పెట్టుండ్రి."

ఎదురుగా కూర్చున్న సర్పంచ్ మహిపాల్ నవ్వాడు. "చెల్లె అడిగితే కాదంటమా."

బయట బస్సు హారన్ వినిపించింది. అది తప్పితే గంటన్నర దాకా మరో బస్సు లేదు. జోస్నా సంతకం పెట్టి పరుగెత్తింది. పదో తరగతి పాసైంది, చదవడం రాక కాదు. నమ్మింది.

ఆమె భర్త ప్రేమ్ కుమార్ మేస్త్రీ. సొంత గల్లీలో పని అని అతనే ముందుండి రోడ్డు పనికి పోయాడు. రెండో రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఏంది?" అంది జోస్నా.

"రోడ్డు మూడు అడుగులు లేపుతున్నరు. మన గడప కంటె పైకొస్తది. లెవెల్ పట్టి చూసిన. కాంట్రాక్టరుకు చెప్తే, కాగితంల గట్లనే ఉన్నది, నీ పని నువ్వు చెయ్యి అన్నడు."

"పక్కకు మోరీ ఒస్తది గద. నీళ్లు అండ్లకెల్లి పోతయి."

ప్రేమ్ కుమార్ అన్నం తినేసి లేచాడు. మర్నాడు కూడా పనికి పోయాడు. వారం రోజుల్లో గల్లీ పొడవునా తెల్లటి రోడ్డు తయారైంది. మోరీ తవ్వడానికి ఎవరూ రాలేదు. శేఖర్‌ను అడిగితే వచ్చే నెల అన్నాడు. వచ్చే నెల అడిగితే మళ్లీ వచ్చే నెల అన్నాడు.

ఆగస్టులో ఒక గురువారం మధ్యాహ్నం వాన దంచింది. ఆ వేళ జోస్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది, ప్రేమ్ కుమార్ వేరే ఊరి పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది జోస్నా మామ సుందరయ్య ఒక్కడే. ఆయనకు షుగరు, కాలికి మానని పుండు. రోడ్డు మీద చుక్క నిలవలేదు. పైనుంచి వచ్చిన నీళ్లన్నీ రోడ్డుకు రెండు పక్కలా జారి, గుంతల్లాగా మిగిలిన ఇళ్లలోకి దిగాయి. లెట్రిన్ గుంతలు పొంగి ఆ నీళ్లలో కలిశాయి. సుందరయ్య మంచం దిగి, బియ్యం బస్తా తడవకుండా ఎత్తిపెట్టాలని చూశాడు. ఎత్తలేకపోయాడు. వదిలిపెట్టనూ లేదు. పక్కింటి రాములమ్మ తన ఇంట్లో నీళ్లు తోడుకుంటూ ఆయన కేక విని వచ్చేసరికి, మోకాళ్ల దాకా నీళ్లలో బస్తాను గోడకు అదిమిపట్టి నిలబడి ఉన్నాడు. అప్పటికే రెండు గంటలైందట.

పుండు చెడింది. పదకొండో రోజు సర్కారు దవాఖానలో ఆయన కుడి కాలి బొటనవేలు తీసేశారు.

"నా చేత్తోనే పోసిన ఆ కాంక్రీటు," అన్నాడు ప్రేమ్ కుమార్ దవాఖాన వరండాలో. జోస్నా అతని వైపు చూడలేదు. సంతకం పెట్టిన చెయ్యి ఆమెది.

ఈలోగా రాములమ్మ తన కొడుకు చేత ఫోన్‌లో ఒక ఫిర్యాదు పెట్టించింది. నాలుగు రోజులకు పంచాయతీ నుంచి జవాబు వచ్చింది. వాన వెలిసిన గంటకు ఎవరో తీసిన ఫొటో, అందులో శుభ్రంగా, పొడిగా రోడ్డు. కింద రెండు వాక్యాలు. "వీధిలో నీరు నిలవడం లేదు. ఫిర్యాదు పరిష్కరించబడింది."

జోస్నా ఆ ఫోన్ పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయింది. మహిపాల్ చాయ్ తాగుతున్నాడు. ఫొటో చూసి ఫోన్ తిరిగిచ్చాడు.

"అబద్ధమున్నదా ఇండ్ల? గల్లీల నీళ్లు నిలవొద్దన్నవ్. నిలుస్తున్నయా?"

"ఇండ్లల్ల నిలుస్తున్నయి అన్నా. మా మామ వేలు తీసేసిండ్రు."

"అయ్యో, విన్న. కానీ ఇండ్లు మీయి గద చెల్లె. పంచాయతీ రోడ్డు ఏస్తది గని ఇండ్లు లేపుతదా? మీరే జర ఎత్తు చేసుకోవాలె."

"నలభై ఇండ్లు ఎట్ల లేపుతం? గా నాలా మూయకముందు ఈ బాధ లేకుండె."

"నాలా ఏడున్నది?" మహిపాల్ గొంతు కొంచెం మారింది. "గది పట్టా భూమి. పొలంల నీళ్లు పారితే నాలా అయితదా? ఉంటే కాగితం తెచ్చి చూపియ్యి."

శేఖర్ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. జోస్నా ఆ పాత తీర్మానం కాపీ అడిగింది. సెక్రటరీ మూడుసార్లు తిప్పించుకుని ఇచ్చాడు. బస్సులో కూర్చుని చదివింది. ఎత్తు పెంచి సీసీ రోడ్డు వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. కింద ఆమె సంతకం. మోరీ అన్న మాట ఎక్కడా లేదు. ఎల్‌బీ నగర్ వచ్చి అందరూ దిగిపోయినా ఆమె దిగలేదు. కండక్టర్ వచ్చి పిలవాల్సి వచ్చింది.

ఆ రోజు హాస్టల్లో సాంబారు రెండుసార్లు మాడింది. ఓనర్ విజయదుర్గ వంటింట్లోకి వచ్చింది. ఆమెది తెనాలి. ఇరవై ఏళ్ల కింద భర్తతో వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన మనిషి.

"ఏంటి జోస్నా, ఒంట్లో బాలేదా?"

జోస్నా జరిగింది చెప్పింది. చెప్పి, చాన్నాళ్లుగా మనసులో ఉన్నది అడిగేసింది. "మేడం, మా ఊరి వెంచర్ల మీరు ప్లాటు తీసుకున్నరు గద. కొన్ననాడు లేఅవుట్ ప్లాను ఇచ్చి ఉంటరు. ఒక్కసారి చూపిస్తరా?"

విజయదుర్గ ముఖం ముడుచుకుంది. "అది చూసి నువ్వేం చేస్తావ్? మాది పార్కు పక్క ప్లాటు. అక్కడ నాలా ఉందని గొడవైతే రేపు దాన్ని ఎవరు కొంటారు? మా అమ్మాయి పేరు మీద తీసుకున్నాం. నన్ను ఇందులోకి లాగకు."

జోస్నా తల ఊపి గిన్నెలు కడగడానికి పోయింది. ఇంకోసారి అడగకూడదనుకుంది. పని పోతే ఇంకా కష్టం.

సోమవారం పొద్దున విజయదుర్గే వంటింట్లోకి వచ్చి గట్టు మీద ఒక ఫైలు పెట్టింది.

"నిన్న మా ప్లాటు చూసుకుందామని వెళ్లాను. ముందురోజు వాన పడింది కదా. ప్లాటులో పిక్కల దాకా నీళ్లు జోస్నా. వాచ్‌మన్‌ని అడిగితే, ఇక్కడ ఎప్పుడూ ఇంతేనమ్మా, నీళ్లు పాత దారి మర్చిపోవు అన్నాడు. ఇంటికొచ్చి ప్లాను తీసి చూశాను. వీళ్లు మాకు అమ్మింది నాలా ఒడ్డు. పార్కని చెప్పి సంతకాలు పెట్టించుకున్నారు." ఫైలును జోస్నా వైపు జరిపింది. "తీసుకెళ్లి జిరాక్స్ తీయించుకో. నా పేరు చెప్పాల్సొస్తే చెప్పు."

ప్లానులో పార్కు అన్న చోట రెండు నీలి గీతలున్నాయి. మధ్యలో చిన్న అక్షరాలతో "నాలా, ఆరు మీటర్లు" అని ఉంది. ప్లాను కింది మూల గుండ్రటి ముద్ర. గుర్రాలకుంట గ్రామపంచాయతీ. ముద్ర మీద సర్పంచ్ సంతకం.

గాంధీ జయంతి నాడు పదకొండింటికి బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. పై ఆఫీసు నుంచి ఉపేంద్ర అనే అధికారి వచ్చాడు. చర్చి గల్లీ ఆడవాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు. శేఖర్ ఆ ఏడాది చేసిన పనులు చదువుతూ, "ఆరో వార్డులో వరద నీటి సమస్య శాశ్వతంగా పరిష్కరించబడింది" అన్నాడు.

జోస్నా లేచింది.

"శాశ్వతంగ అంటే ఏంది సార్? మా మామకు వేలు శాశ్వతంగ పోయింది. గదేనా?"

మహిపాల్ మైకు అందుకున్నాడు. "మెంబరే సంతకం పెట్టి, మెంబరే అడ్డం తిరిగితే ఎట్లమ్మా? తీర్మానం మీద నీ సంతకం లేదా?"

"ఉన్నది. చదవకుండ పెట్టిన. గది నా తప్పు. మా గల్లీ ముందట ఒప్పుకుంటున్న." ఆమె వెనక్కి తిరిగి రాములమ్మనూ, మిగతావాళ్లనూ చూసింది. మళ్లీ ఇటు తిరిగింది. "మోరీ ఏస్తమని సెక్రటరీ సార్ నోటితో చెప్పిండు. కాగితంల రాయలే. నాలా లేదని సర్పంచన్న చెప్పిండు. కాగితం తెమ్మన్నడు. తెచ్చిన."

జిరాక్స్‌ను అధికారి చేతిలో పెట్టింది. ఉపేంద్ర కళ్లజోడు సర్దుకుని చూశాడు. వేలితో గీతల వెంట పోయాడు. ముద్ర దగ్గర ఆగాడు.

"ఈ సంతకం ఎవరిది?"

మహిపాల్ శేఖర్ వైపు చూశాడు. ఉపేంద్ర మళ్లీ అడిగాడు.

"నాదే సార్," అన్నాడు మహిపాల్. "పోయినసారి కొత్తల గెలిచిన రోజులు. ఎన్నో కాగితాలు ఒస్తయి. అన్ని చదివి పెడతమా?"

"నేను చదవకుంటె మా ఇంట్ల మనిషి కాలు చెడింది," అంది జోస్నా. "మీరు చదవకుంటె మీకేం పోయింది అన్నా?"

మహిపాల్ మైకు బల్ల మీద పెట్టేశాడు. రాములమ్మ లేచి నిలబడింది. "సార్, ఫొటోలు చూసుడు కాదు. మా ఇండ్లకు రాండ్రి." గల్లీ అంతా లేచింది. ఉపేంద్రకు పోక తప్పలేదు.

రోడ్డు మీద నుంచి జోస్నా ఇంట్లోకి పోవాలంటే రెండు మెట్లు కిందికి దిగాలి. ఉపేంద్ర దిగాడు. గోడ మీద మోకాలి ఎత్తున నీటి మరక ఇంకా ఉంది. సుందరయ్య మంచం మీద కట్టుకట్టిన కాలు చాపి కూర్చున్నాడు. అధికారి కాలు చూసి ఏదో అనబోయాడు.

"బియ్యం కూడ దక్కలే సార్," అన్నాడు సుందరయ్య. "అన్ని తడిసినయి."

ఉపేంద్ర అక్కడే నిలబడి కొలతలు రాసుకున్నాడు.

ఆ రాత తర్వాత కూడా పని వెంటనే జరగలేదు. నోటీసులు పోయాయి, గడువులు అడిగారు, ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరిగింది. పంచాయతీ మళ్లీ కూర్చుని, ఇళ్ల ముందు ఇసుక బస్తాలు వేసుకోవాలని చర్చి గల్లీకి సూచన పంపింది. జోస్నా దాని మీద సంతకం పెట్టలేదు. విజయదుర్గతో పాటు ఇంకో పదిమంది ప్లాట్లవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టారు. నిజానికి ఫైలు కదిలింది వాళ్లు పెట్టాకే. ఆ సంగతి తెలిసినప్పుడు జోస్నాకు సంతోషం కలగలేదు. నలభై ఇళ్లు రెండేళ్లు అడిగితే కదలనిది, ప్లాట్లవాళ్ల ఒక్క కాగితానికి కదిలింది.

మే నెలాఖరున ఒక పొద్దున జేసీబీ వచ్చింది. గోడలో పది అడుగులు పగలగొట్టింది. ఉయ్యాలలు పీకి పక్కన పెట్టింది. పాత నాలా ఎక్కడుందో ఎవరూ చూపించాల్సిన అవసరం లేకపోయింది. నాలుగడుగులు తవ్వగానే నల్లటి బురద, పాత రాళ్ల కట్ట బయటపడ్డాయి. గల్లీ రెండు పక్కలా మోరీ తవ్వి దానికి కలిపారు. పిల్లలు గోడ మీదికెక్కి చూశారు. ఆడవాళ్లు డ్రైవరుకు మజ్జిగ ఇచ్చారు. మహిపాల్ వచ్చి కాసేపు నిలబడి, అందరికీ దండం పెట్టి పోయాడు.

మధ్యాహ్నం మూడింటికల్లా పని అయిపోయింది. ప్రేమ్ కుమార్ మోరీలో రెండు బిందెల నీళ్లు పోసి, అవి గోడ దాటి నాలాలోకి పోయేదాకా వెంట నడిచి, తిరిగొచ్చాడు.

"మంచిగ పోతున్నయి," అన్నాడు. తర్వాత గడప మీద కూర్చుని, "ఆరు గంటలు పట్టింది. గంతే," అన్నాడు.

రాములమ్మ ఇంట్లోంచి చక్కెర తెచ్చి అందరి నోట్లో పోస్తోంది. జోస్నా దగ్గరికి వచ్చి, "నువ్వే చేయించినవ్ బిడ్డా," అంది. జోస్నా చక్కెర తీసుకోలేదు. ఆమెకు ఏడుపు వస్తోంది, అది సంతోషంతో కాదు. ఆరు గంటల పని. రెండేళ్లుగా ఎంతమందికి దండాలు పెట్టింది, ఎవరెవరి గుమ్మాల్లో నిలబడింది అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. లోపల సుందరయ్య గోడ పట్టుకుని, ఒరిగిపోకుండా, ఒక్కో అడుగూ వేస్తూ మోరీ చూడడానికి బయటికి వస్తున్నాడు. జోస్నా పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. కోపం మాత్రం తగ్గలేదు.