పదో లెక్క

మా అమ్మాయి దొంగేమోనని నాకు అనుమానం వచ్చింది. తల్లినై ఉండి ఇలా అనడానికి నోరెలా వచ్చిందని మీరు అడగచ్చు. పద్నాలుగేళ్లుగా చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. కాపీ కొట్టిన మొహాన్ని ఆమడ దూరం నుంచే పసిగడతాను.

దానికి పదేళ్లు. మా ఇంట్లో బుడంకాయ అంటాం. రాత చూస్తే కోడి గెలికినట్టుంటుంది. నాలుగు వాక్యాలు రాయమంటే కడుపునొప్పి వచ్చేస్తుంది. అలాంటిది మొన్న లెక్కల పరీక్షలో పదింట్లో ఎనిమిది సరిగ్గా చేసింది. అవి పెద్ద తరగతి లెక్కలు. ఒక్కదానికీ స్టెప్పులు లేవు, జవాబు ఒక్కటే ఉంది.

లెక్కల మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. మా బళ్లో జిరాక్స్ తీయించే పని నాదే కాబట్టి ప్రశ్నలూ జవాబులూ ముందురోజే నా సంచిలో మా ఇంటికి వెళ్లాయని నెమ్మదిగా గుర్తుచేశారు. చూసి రాసిందని తేలితే ప్రత్యేక లెక్కల క్లాసు నుంచి తీసేస్తామన్నారు. వారం మొత్తంలో అది నవ్వుతూ బడికి వెళ్లేది ఆ ఒక్క క్లాసు కోసమే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పొద్దున్నే వల పన్నాను. మాస్టారిచ్చిన కొత్త లెక్కలకు జవాబుల చీటీ రాసి సంచిలో పైపైనే పెట్టాను. పదో జవాబు 72. కావాలనే 27 అని వేశాను. స్నానానికి వెళ్లి, కుళాయి వదిలేసి, ఒంటి మీద చుక్క పోసుకోకుండా అరగంట కూర్చున్నాను.

తర్వాత దాన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, పెదాలు కదుపుతూ, పావుగంటలో పదీ ముగించింది. పదో జవాబు 27 అని ఉంది.

లోపలికెళ్లి మాస్టారికి ఫోన్ చేసి, మీ అనుమానమే నిజమన్నాను. ఆయన జాలిపడ్డారు. దాంతో ఒళ్లు ఇంకా మండింది. వచ్చి చీటీని దాని ముందు పడేశాను.

"ఇదేంటో చెప్పు."

అది చీటీని పైనుంచి కిందికి చూసింది. పదో జవాబు దగ్గర వేలు ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. దాని మొహం విప్పారింది.

"అమ్మా, నీకూ తిరగబడతాయా?"

"ఏంటి తిరగబడేది?"

"అంకెలు. ఇది డెబ్బై రెండు కదా. నాకు తలలో సరిగ్గానే ఉంటుంది, చెయ్యే తిప్పేస్తుంది. నాకొక్కదానికే అలా అవుతుందనుకున్నా."

ఎలా వచ్చిందని అడిగితే లెక్క మొత్తం గుక్క తిప్పుకోకుండా నోటితో చెప్పేసింది. మొన్న తప్పయిన రెండూ గుర్తొచ్చాయి. 41కి 14, 63కి 36. ఎర్రసిరాతో కొట్టేస్తే నేనూ చూసి ఊరుకున్నాను. రాయడం నేర్పే టీచర్ని కదా, సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ ఫోన్ చేశాను. నేను తొందరపడ్డానని, రేపు దాన్ని నోటితోనే అడిగి చూడమని మాస్టారిని బతిమాలాను. అది వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"భయపడకమ్మా," అంది మెల్లగా. "నీకు లెక్కలొచ్చని మాస్టారికి నేను చెప్తాలే."