చెవి మీది పచ్చచుక్క

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో పొద్దున్నే కంపెనీ బస్సు కోసం నిలబడే పరమేశ్వర్‌ను ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. చెవి తమ్మె మీద పచ్చచుక్క వెలుగుతుంటుంది. ఆదిభట్లలోని అతని కంపెనీ ఫోన్లు, మెయిళ్లు, మెసేజ్‌లు, మీటింగులు అన్నీ ఒకే యాప్‌లో కలిపిన రోజు అది మొలిచింది. యాప్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఉంటే మనిషి దొరుకుతాడని లెక్క. పరమేశ్వర్‌కు అది పేరు దగ్గర ఆగకుండా చెవి దాకా వచ్చింది, అంతే. కరెంటు పోతే పక్కింటి జయపాల్ "అన్నా, జర ఇటు తిరుగు" అని ఆ వెలుగులో తాళం తీసుకునేవాడు. టార్చిలైటు కొనే మనిషి కాదు లెండి.

అన్నం ముందు కూర్చోగానే ఆఫీసు కాల్‌తో చెవి మోగేది. పరమేశ్వర్ లేచేవాడు.

"తిన్నంక పోరాదుర" అనేది తల్లి మాణిక్యమ్మ.

"ఒక్క నిమిషమమ్మా."

ఆ నిమిషం అయ్యేలోపు ఆమె పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. గోడ మీద విస్తరిలో అన్నం, మాంసం, పక్కన కల్లు. కాకి ముడితేనే పోయినామె తృప్తిపడ్డట్టు. అప్పటిదాకా ఎవరూ తినకూడదు. కాకి వచ్చి వాలింది. చెవి మోగింది. కాకి తీగ మీదికి ఎగిరింది.

"అమ్మగారి సంగతి తెలిసిందండీ, చాలా బాధేసింది" అన్నాడు చెవిలోంచి మేనేజర్ రఘునందన్. "మీరు పచ్చగానే కనిపిస్తున్నారు కదా, ఓ రెండు నిమిషాలు..."

కాకి మళ్లీ దిగింది. చెవి మళ్లీ మోగింది.

"కన్నతల్లి ఆగింది గానీ, కాకి ఎంతసేపు ఆగుతది?" అన్నాడు జయపాల్, మాంసం వైపు చూస్తూ.

మేనత్త నర్సింహమ్మ విసుక్కుంది. "ఆమె కోరికేందో అందరికెర్కనే. కడుపునిండ కూసొని తింటనని మాటియ్యిర."

పరమేశ్వర్ చేతులు జోడించాడు. "అమ్మా, ఇగ నుంచి..." చెవి మోగింది. అలవాటుగా విస్తరి వైపు వేలెత్తాడు. "ఒక్క నిమిషమమ్మా."

కాకి దిగింది. విస్తరి జోలికి పోలేదు. అతని భుజం మీద వాలి, పచ్చచుక్కను పొడిచి మింగి, ఆదిభట్ల వైపు ఎగిరిపోయింది. ఇది ముట్టినట్టా కాదా అని పెద్దలు తర్జనభర్జన పడి, కూర చల్లారుతోందని, ముట్టినట్టే అని తేల్చారు.

సోమవారం గేటు దగ్గర కాపలావాడు అతన్ని ఆపాడు. "పరమేశ్వర్ లోపల్నే ఉన్నడు. మీటింగుల ఉన్నడు."

అద్దంలోంచి చూస్తే తన కుర్చీ మీద కాకి. రఘునందన్‌కు దాని పని మహా నచ్చిందట. సెలవడగదు. మీటింగులో ఏమడిగినా ఒకే మాట అంటుందట, పరమేశ్వర్ కూడా అంతే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఉగాదికి టీమ్ లీడ్ అయింది.

పరమేశ్వర్‌కు ఇప్పుడు తీరికే తీరిక. రోజూ తల్లి పేరు చెప్పి గోడ మీద ముద్ద పెడతాడు. వేరే కాకులు తిని పోతాయి. ఆ కాకి ఒక్కసారే వచ్చింది. ముద్ద దగ్గర ముక్కు వంచిందో లేదో, కడుపులో పచ్చగా వెలిగి మోగింది. రెక్కలు విప్పింది.

"తిన్నంక పోరాదే" అన్నాడు పరమేశ్వర్.

అప్పటికే అది చెరువు కట్ట దాటింది.