ధరల పలక

పెట్రోలు బంకులో ధరల పలక మీద అంకెల రేకులు మార్చడం పెద్దాయన పని. పరాయి దేశాలు చమురు కోసం కొట్టుకున్నాయని తెలిసిన గంటలోనే ఓనరు ఆయన్ని నిచ్చెన ఎక్కించి ధర పెంచాడు. ఇవాళ యుద్ధం ఆగి చమురు ధర దిగిందని రేడియో చెప్పగానే, పెద్దాయన ఎవరినీ అడక్కుండా పాత ధర రేకులు తుడిచి తగిలించేశాడు. ఆటోలు బారులు తీరాయి.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు మార్చమన్నారయ్యా? దిగినదంతా సర్కారు పన్ను కింద లాగేసుకుంది. నిన్నటి ధరే! ఎక్కి మార్చు."

"పెరిగితే పరాయివాళ్ల పాపం. తగ్గితే మనవాళ్లే మింగేస్తారా?"

"నన్నడిగితే? ఎక్కకపోతే రేపట్నుంచి రావద్దు."

వరసలో ముందున్న ఆటోలోంచి పెద్దాయన బావమరిది అరిచాడు. "ఎక్కావంటే అక్కకి చెప్తా బావా!"

పెద్దాయన చేతిగుడ్డ విసిరికొట్టాడు. "ఇన్నాళ్లూ జనం తిట్లు నేను తిన్నాను. ఈసారి మీరెక్కండి సార్, నిచ్చెన నేను పట్టుకుంటాను."

ఓనరు ఎక్కాడు. మెట్టు మెట్టుకీ ఒక్కో ఆటో హారన్ కొట్టింది. ఆఖరి రేకు తగిలించేదాకా నిచ్చెన కదలకుండా పట్టుకున్న పెద్దాయన, ఆ తర్వాత బావమరిది ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు.