ఎంగిలి చేతులోళ్లు

కొమురెల్లి కూతురి పెళ్లి దాదాపు తప్పిపోయింది. అందుకు అర నిమిషం సరిపోయింది.

అది 1961 వేసవి. కొమురెల్లి నల్లగుట్ట బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. కూతురు సారక్కను చెన్నూరు అంకయ్య కొడుకు దశరథానికి ఇస్తున్నాడు. ఆనవాయితీ ప్రకారం పెళ్లి మగపెళ్లివారి ఊళ్లోనే. కొమురెల్లి లారీ మాట్లాడుకుని నలభైమంది చుట్టాలతో దిగాడు. కొడుకు పోశం మాత్రం రాలేదు. పొద్దుటి షిఫ్టుకు సెలవు దొరకలేదు. షిఫ్టు అయిపోగానే సైకిల్ తొక్కుకుంటూ గోధూళి ముహూర్తానికి అందుకుంటానని చెప్పి బాయిలో దిగాడు.

మధ్యాహ్నం పందిట్లో మోదుగాకు విస్తర్లు పరిచారు. వంకాయ కూర అయింది. పప్పుచారు వస్తోంది. అప్పుడు మోగింది సైరన్.

నలభైమందీ లేచారు. విస్తర్లు తొక్కుకుంటూ గల్లీలోకి పరుగెత్తారు. విడిది ఇంట్లోంచి ఆడవాళ్లూ పరుగెత్తారు. వాళ్ల ముందు పసుపు చీరలో పెళ్లికూతురు.

నల్లగుట్టలో సైరన్ రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారే వేళల్లో మోగుతుంది. వేళ కాని వేళ మోగితే లోపల ప్రమాదం జరిగినట్టు. అప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. ఎలా ఉన్నవాళ్లు అలాగే బాయి మొగదలకు పరుగెత్తుతారు. దిగినవాళ్ల నంబరు బిళ్లలు అక్కడ పలకకు వేలాడుతుంటాయి. చదువు రాని ఆడవాళ్లకు కూడా తమవాడి బిళ్ల ఏ మేకుకు ఉంటుందో తెలుసు.

కానీ ఇది నల్లగుట్ట కాదు. గల్లీ చివర బాయి లేదు, పలక లేదు. ఓ పాన్‌డబ్బా, రెండు మేకలు ఉన్నాయి.

"ఏ బాయిది? ఏ బాయిల?" అని ఓ ముసలామె అరుస్తోంది.

పప్పుచారు బకెట్‌తో బయటికొచ్చిన హనుమండ్లు, అంకయ్య పాలివాడు, పడీపడీ నవ్వాడు. "ఏ బాయి లేదవ్వా! గది మా ఊరి కొత్త రైసుమిల్లు సైరన్! ఓ ఎంగిలి చేతులోళ్లారా, జర చేతులన్న కడుక్కోని ఉరకరాదుండ్రి!"

అందరూ తమ చేతులకేసి చూసుకున్నారు. కుడిచేతులకు అన్నం మెతుకులు అలాగే ఉన్నాయి. గల్లీలో ఇళ్ల అరుగుల మీద నవ్వులు లేచాయి.

అంకయ్య నవ్వలేదు. ఆయన ఇంట్లో విస్తరి ముందు నుంచి సగంలో లేచినవాళ్లు అంతకుముందు లేరు.

"తొక్కిండ్రు ఇయ్యంకుడా. నా విస్తర్లు తొక్కి పోయిండ్రు."

"తప్పయింది బావా," అన్నాడు కొమురెల్లి. "సైరన్ ఇనంగనే మాకు సోయి ఉండదు."

"మీరంటే సరే. పెండ్లిపిల్ల సుత ఉరుకుతదా? రేపు నా ఇంట్ల పొయ్యి మీద కుండ ఇడిసిపెట్టి ఉరికితే? ఇంకోపాలి ఉరకనని పిల్లతోని చెప్పియ్యి. అప్పుడే పుస్తె."

కొమురెల్లి నోరు తెరిచేలోపే తలుపు చాటు నుంచి సారక్క గొంతు వినిపించింది.

"ఉరకనని ఎట్ల చెప్తా మామా? మా అన్న బాయిల ఉన్నడు. కాళ్లు నన్ను అడిగి ఉరుకుతయా?"

"సూసినవా నోరు!" అన్నాడు అంకయ్య పందిట్లో వాళ్లందరికేసి తిరిగి.

దశరథం ముందుకొచ్చాడు. అతను ఆ రైసుమిల్లులోనే ఫిట్టరు.

"బాపూ, మోగియ్యమన్నది నేనే. పిల్ల తరపోళ్లు బువ్వకు కూసోంగనే ఒక్కసారి ఒత్తుమని మిల్లోళ్లకు చెప్పిన. మర్యాదనుకున్న."

"నీ మర్యాద సల్లగుండ!"

తప్పు ఇంట్లోనే ఉందని తేలాక అంకయ్య కొంచెం తగ్గాడు. కొత్త విస్తర్లు వేయించాడు. హనుమండ్లు వడ్డించడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఎవరూ వచ్చి కూర్చోలేదు.

"అందరికీ ఆకలి చచ్చింది బావా. జరసేపు ఆగుదాం," అన్నాడు కొమురెల్లి.

రెండోసారి కూడా విస్తర్లు ఖాళీగా ఉండటం అంకయ్యకు మరీ అవమానమనిపించింది. బ్రాహ్మడిని పిలిచి, ముహూర్తం సంగతి తర్వాత చూద్దామన్నాడు. సారక్క తల్లి మూలకు కూర్చుని ఏడ్చింది. నలభైమందీ పందిట్లో కాక గల్లీలో, నల్లగుట్ట దారికేసి చూస్తూ కూర్చున్నారు. మోగింది మిల్లు సైరన్ అని అందరికీ తెలుసు. అయినా కూర్చున్నారు.

అయిదు గంటలకు గల్లీ మలుపులో సైకిల్ కనపడింది. స్నానం చేయడానికి కూడా ఆగకుండా వచ్చాడు పోశం. నెత్తి నుంచి పాదాల దాకా బొగ్గు. గల్లీ మొత్తం లేచి నిలబడటం చూసి బిత్తరపోయాడు.

"ఏమైందే? ఎవలు పోయిండ్రు?"

సారక్క మళ్లీ గల్లీలోకొచ్చింది. ఈసారి నడిచే వచ్చింది. అన్న చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఆమె చేతి పసుపు మీద నల్లటి మరక పడింది.

అప్పుడు ముసలామె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "ఓ హనుమండ్లూ, గిప్పుడు వడ్డియ్యి బిడ్డా. ఆకలైతుంది."

నలభైమందీ వచ్చి కూర్చున్నారు. రెండుసార్లు అన్నం అడిగారు. అంకయ్య పందిరి గుంజ పక్కన నిలబడి ఆ తినడం చాలాసేపు చూశాడు. తర్వాత హనుమండ్లు చేతిలోని బకెట్ తీసుకుని, తనే పోశం విస్తరి దగ్గర వంగాడు.

"చారు పోయాల్నా బిడ్డా?"

"పొయ్యి మామా."

"బ్రాహ్మడు ఉన్నడా, పోయిండా? సూడుండ్రి," అన్నాడు అంకయ్య తలెత్తకుండానే. ఉరకనని చెప్పమన్న సంగతి మళ్లీ ఎత్తలేదు.

పుస్తె కట్టేసరికి దీపాలు పెట్టారు.

హనుమండ్లు పెట్టిన పేరు మాత్రం నిలిచిపోయింది. మరుసటేటికి ధర్మపురి జాతర దాకా పాకింది. నల్లగుట్ట వచ్చిందంటే బస్సు కండక్టరు "ఎంగిలి చేతులోళ్లు దిగుండ్రి" అనేవాడు. మొదట్లో దీని మీద రెండు మూడు కొట్లాటలయ్యాయి. తర్వాత నల్లగుట్టవాళ్లే ఆ పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

పెళ్లయిన నాలుగో రోజు అంకయ్య రైసుమిల్లుకు వెళ్లాడు. సేటు కుర్చీ చూపించాడు. అంకయ్య కూర్చోలేదు.

"సేటూ, నీ సైరన్ పొద్దుగాల తొమ్మిదికి, మాపటికి ఆరుకు ఒత్తు. నడుమల ఎవలన్న ముట్టుకుంటే ముందుగాల మా ఇంటికి మనిషిని పంపు. మా ఇంట్ల బాయి పిల్ల ఉన్నది."