ఎవరి పేరున అడగాలి

పొట్టు ఊడేలా సున్నపు నీళ్ళలో ఉడుకుతున్న మొక్కజొన్న గింజల్ని కలియబెడుతున్న ఎపిఫానియా చేయి ఆగిపోయింది. అత్త సెవెరియానా వాకిట్లో నిలబడే అనేసి వెళ్ళింది.

"ఊళ్ళోంచి నాకు తిరిగి రావాల్సిన టర్కీ కోళ్ళు నా చిన్నోడి పెళ్ళికి. మీ ఆదివారం విందుకి వాటి జోలికి రాకు. అయినా నువ్వు పెట్టిందేముందే? మోసుకెళ్ళావంతే!"

కాపురానికొచ్చి పద్దెనిమిదేళ్ళు. గుడ్లు పొదిగించింది తను. తెగులొస్తే ఒళ్ళో పెట్టుకుని మందు పోసింది తను. ఎవరింట విందైనా ఒక కోడిని చంకన పెట్టుకుని వెళ్ళి, రోజంతా అక్కడే పిండి రుబ్బింది తను. గుమ్మంలో మాత్రం "సెవెరియానాగారి గెలగెత్సా" అని చెప్పేది. ఆ బదులు ఎవరి పేరున పెడితే, వాళ్ళింట విందు నాడు వాళ్ళకే తిరిగొస్తుంది. అన్నిసార్లు ఆ పేరు చెప్పినా తనకేమీ అనిపించలేదు. ఇప్పుడు అదే ఆమెను భయపెట్టింది. ఇన్నేళ్ళూ తన లోపల ఎవరున్నట్టు?

ఆదివారం నాటి ఊరి పునీతుడి పండుగ విందు తానే పెడతానని భర్త తిమోతెయో ఆమెను అడక్కుండానే ఒప్పుకున్నాడు. "నువ్వున్నావుగా" అన్నాడు. రెండు వందల మంది. వాళ్ళు ఆకలితో వెళ్ళిపోతే ఊరు అతన్నేమీ అనదు. "ఆ ఇంట్లో ఆడది లేదా?" అంటుంది.

పొయ్యి మీది కుండ దించి ఆమె అదే వీధిలోని హసింతా ఇంటికి నడిచింది.

"ఏంటొదినా, చలిజ్వరమా? అలా వణికిపోతున్నావు?"

"ఒక కోడి కావాలి. ఆదివారం రుబ్బడానికి నువ్వూ రావాలి."

"దానికింత మొహమాటమా! మా పెద్దాడి పెళ్ళికి మీ అత్త పెట్టిందేగా. ఆవిడ పేరు చెప్పి పట్టుకెళ్ళు."

ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆదివారం గడిచిపోతుంది. తరవాతి తిట్లు ఎటూ అలవాటైనవే.

"అత్తయ్యది అలాగే ఉండనీ. ఇది కొత్త బదులు. నా పేరున."

హసింతా మొహంలో నవ్వు ఆగింది. "నీ పేరునా? తిరిగివ్వకుండానే పోతే? నీ కూతురిస్తుందా?"

"దాని మెడకి చుట్టొద్దు. నేనే ఇస్తాను."

"అయితే అప్పటిదాకా చావకు మరి!" అంటూ హసింతా దొడ్లోకెళ్ళి, ఉన్నవాటిల్లో బరువైన కోడినే పట్టుకొచ్చింది.

ఇంకా పది ఇళ్ళున్నాయి. ఎవరో ఒకరు కాదనక మానరు. ఆదివారం అందరి ముందూ అత్త ఏమంటుందో. కొట్టుకుంటున్నది చంకలోని కోడి గుండో, తన గుండో తెలియలేదు. ఎపిఫానియా పక్కింటి గుమ్మం ముందు ఆగి, తన పేరు చెప్పింది.