హాఫ్‌టైంలో ఎదురొచ్చే మనిషి

కాదు, వాడు కాదు, వాడి ఎడమ భుజం ఎప్పుడూ కాస్త దిగి ఉంటుంది, ఏళ్ళ తరబడి ఒకే చేత్తో బకెట్లు మోసినవాడిలా, ఈ మనిషి నిటారుగా ఉన్నాడు, అతని పక్కనున్నవాడు మరీ పొడుగు, ఆ తర్వాత ఎవరో ఆడమనిషి, అందరికీ మూతుల మీద గుడ్డలు, మైదానం ఈ చివర గోలు వెనక నిలబడి ఆ చివర గోలు వెనకున్న మొహాలు పోల్చుకోవడం నా కళ్ళకు మామూలు రోజుల్లోనే కష్టం, ఇప్పుడు సగం మొహాలే మిగిలాయి, మనుషులు కూడా పలచగా ఉన్నారు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఆవు పడుకునేంత ఎడం, అవతలి జట్టు ఊరు టాడ్‌వెల్ నుంచి ఎప్పుడూ బస్సు కట్టించుకుని పాడుకుంటూ వచ్చేవాళ్ళు, ఈసారి ఎవరి కారులో వాళ్ళు వచ్చారట, వాడికి కారు ఉందో లేదో నాకు తెలియదు, వాడి పేరే తెలియదు, బంతి ఎక్కడుందంటే అదీ తెలియదు, మార్చిలో తాళం వేసిన మైదానం సెప్టెంబరులో తెరిచారు, ఈ తడి గడ్డి వాసన కోసం అన్ని నెలలూ ప్రాణం కొట్టుకుంది, తీరా వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాక చూపు ఆటగాళ్ళ తలల మీంచి అవతలికే పోతోంది, పక్కన డెస్మండ్ మోచేత్తో నా డొక్కలో పొడవబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, గాలిలోనే పొడిచి, ఏంటి ఎనక్, మనవాళ్ళు కార్నర్ కొడుతుంటే నువ్వు పక్షుల్ని లెక్కపెడతావేం అన్నాడు, నేనెప్పుడూ ఏం అనను, డెస్మండ్ ఇద్దరి మాటలూ తనే మాట్లాడతాడు, ఏప్రిల్లో వాళ్ళన్నయ్య పోయినప్పుడు కూడా ఫోన్లో తనే ఏడ్చి, తనే ఊరుకుని, సరే ఉంటాను ఎనక్, మంచి మాట చెప్పావు అని పెట్టేశాడు, నేను ఒక్క మాటా చెప్పలేదు.

పేరు అడగాల్సింది, ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడగాల్సింది, కానీ అడిగేంత జాగా ఎక్కడుంది ఆ బాటలో, మా హాల్‌బ్రూక్ లాంటి చిన్న జట్ల ఆటల్లో, పెద్ద ఆటల్లో మాదిరి జనాన్ని వేరువేరు గడుల్లో పెట్టి కాపలా కాయరు, మనవాళ్ళు ఏ గోలు మీదికి పోతుంటే ఆ గోలు వెనకే మనం, హాఫ్‌టైంలో ఆటగాళ్ళు వైపులు మారితే మేమూ మారతాం, కాలువ గోడ వారగా ఉన్న సన్నబాట మీద మేము అటు, వాళ్ళు ఇటు, చేతుల్లో మాంసం కూరి కాల్చిన పైలూ పొగలు కక్కే టీ కప్పులూ, సరిగ్గా మధ్యగీత దగ్గర ఎదురుపడతాం, అక్కడ భుజాలు రాసుకోకుండా దారి లేదు, తిట్టుకోకుండా అసలే లేదు, మా ఆవిడ ఎడ్నా బతికున్న రోజుల్లో అక్కడే నా టీ వాడి కోటు మీద ఒలికింది, చూసుకుని ఏడవలేవా ముసలోడా అన్నాడు, అప్పటికి నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది, నీకంటే చిన్నవాణ్ణేలే ముసలి పీనుగా అన్నాను, జనం నెట్టుకుపోయారు, మరుసటి ఏడు అదే చోట అదే కోటు, ఏంరా, ఇంకా పోలేదా నువ్వు అన్నాడు, నిన్ను పంపించాకే పోతాను అన్నాను, ఇక అదే మాట, వాళ్ళ ఊళ్ళో ఒకసారి, మా ఊళ్ళో ఒకసారి, ఏటేటా, వానలో, మంచులో, ఎడ్నాను పాతిపెట్టిన వారం కూడా, ఆ వారం ఊరంతా నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడింది, వాడొక్కడే, ఏమీ తెలియని వాడొక్కడే, ఇంకా పోలేదా అని మామూలుగా తిట్టాడు, ఆ రాత్రి అన్నం సయించింది.

ఈ ఏడు ఆ మాట ఎలా అనుకుంటాం, రోజూ సాయంత్రం టీవీలో ఈ జబ్బుతో ఇవాళ ఇంతమంది పోయారని చెబుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది వాడే, ఆ వయసు, ఆ దగ్గు, పోయిన ఏడు వాడికి బాగా దగ్గు ఉంది, పోయాడనుకో, నాకెవరు చెబుతారు, ఎవరిని అడగను, ఎడమ భుజం దిగిన టాడ్‌వెల్ మనిషి ఉన్నాడా అని ఫోన్ చేస్తానా, ఎవరికి చేస్తాను, అందుకే ఇవాళ్టి దాకా ఆగాను, పొద్దున్నే గడ్డం గీసుకున్నాను, హాఫ్‌టైంలో ఆ బాట మీద తెలిసిపోతుంది, వస్తే వస్తాడు, రాకపోతే ఇక లేనట్టే, అంతలో డెస్మండ్ అరిచాడు, అందరూ అరిచారు, బంతి వలలో ఉంది, మనది, మన గోలు, సోమవారం పొద్దున్న ఇళ్ళకు ఉత్తరాలు పంచే మా తొమ్మిదో నంబరు బురదలో మోకాళ్ళ మీద జారుకుంటూ మా ముందుకే వచ్చాడు, అరవకూడదని గేటు దగ్గర రాసిపెట్టారు, అయినా అరవనివాడు లేడు, నేనూ నోరు తెరిచాను, ఏమీ రాలేదు, గాలి వచ్చింది, గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను, ఆఖరిసారి పైకి మాట్లాడింది ఎప్పుడు, గుమ్మంలో సరుకులు పెట్టిపోయే అమ్మాయికి కిటికీలోంచి చెయ్యి ఊపాను, అది మాట కాదు, కెటిల్‌తో ఏమైనా అన్నానేమో.

విజిల్ పడింది, కాళ్ళు వాటంతట అవే కాలువ బాట వైపు తిరిగాయి, అప్పుడు మైకులో గ్లెనిస్, వెనకటి రోజుల్లో టీ పాకలో ఉండేది, ఇప్పుడు నారింజ రంగు కోటు తొడిగి మా అందరికీ పోలీసయింది, వినండర్రా, ఈసారి ఎదురెదురుగా నడవడం లేదు, హాల్‌బ్రూక్ వాళ్ళు కాలువ వైపు నుంచి, టాడ్‌వెల్ వాళ్ళు అవతల రేకుల స్టాండ్ వైపు నుంచి, నేల మీద పసుపు బాణాలు వేశాం, గుడ్డివాళ్ళకు కూడా కనబడతాయి, బాణానికి ఎదురు నడిచినవాడికి టీ లేదు, అందరూ నవ్వారు, నేను నేల వంక చూశాను, నిజమే, బాణాలు, నిన్నో మొన్నో వేసినట్టున్నారు, అన్నీ ఒకే దిక్కుకు, మేము ఇటునుంచి, వాళ్ళు అటునుంచి, మధ్యలో మైదానమంత వెడల్పు, ఎదురుపడేదే లేదు.

డెస్మండ్ ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి గోలు ఎలా పడిందో నాకే చెబుతున్నాడు, నేనూ పక్కనే ఉన్నానని మర్చిపోయాడు, ఉన్నా చూడలేదని తనకు తెలియదు, గోడ అవతల కాలువ నీళ్ళ వాసన, నేను పుట్టింది ఆ నీళ్ళ మీదే, నాన్న బొగ్గు పడవలో, బడి అంటే సరుకు దించేటప్పుడు పడవ ఆగిన ఊళ్ళో నాలుగు రోజులు, మళ్ళీ ఇంకో ఊళ్ళో వారం, అన్నీ కలిపితే మూడేళ్ళు అవుతాయేమో, మాట్లాడటం నేర్చుకున్నదీ నీళ్ళ మీదే, ఎదురు పడవ వచ్చి పక్కనుంచి దాటిపోయేలోపు చెప్పాల్సింది చెప్పేయాలి, ముందు కాలువ లాకు ఖాళీగా ఉందా, ఉంది, మీ అమ్మకెలా ఉంది, లేచి తిరుగుతోంది, పాపాయి పుట్టిందట, పుట్టింది, అంతే, వాళ్ళ చుక్కాని మన చుక్కాని దాటిపోయేది, మిగతాది మళ్ళీ ఎదురుపడ్డప్పుడు, పెళ్ళి చేసుకుంటావా అని ఎడ్నాను అడిగింది కూడా అట్లాగే, ఆమె జవాబు కోసం వాళ్ళ పడవ తిరిగొచ్చేదాకా ఆగాను, ఆ తర్వాత ఒడ్డున ఇల్లు దొరికినా, గంటలకొద్దీ కదలకుండా కూర్చుని మాట్లాడేవాళ్ళ మధ్య నాకు నోరు పెగిలేది కాదు, ఆ బాట మీద వాడితో మాత్రమే పెగిలేది, ఎందుకో ఇన్నేళ్ళూ ఆలోచించలేదు, వాడు ఎదురొచ్చి దాటిపోయేవాడు కాబట్టే, నాకు వచ్చిన భాష అదొక్కటే, ఇప్పుడు దానికీ పసుపు బాణం వేశారు.

మధ్యగీత దగ్గర ఆగిపోయాను, వెనక వచ్చేవాళ్ళు నన్ను చుట్టి పోతున్నారు, కదులు ఎనక్, అని గ్లెనిస్, మైకు లేకుండానే, ఇక్కడ నిలబడకూడదు నాయనా, నా మీద కేసవుతుంది, నేను కమ్మీ పట్టుకుని స్టాండ్ వైపు చూశాను, మైదానం అవతల వరసగా పోతున్నారు, నల్లకోటు, నీలంకోటు, గొడుగు, పొడుగువాడు, ఆడమనిషి, మళ్ళీ నల్లకోటు, వరస సన్నబడుతోంది, అయిపోతోంది, ఉంటే ఇప్పుడే ఉండాలి, ఏయ్ అన్నాను, తుప్పుపట్టిన గేటు కదిలినంత చప్పుడు, గ్లెనిస్‌కు కూడా వినిపించలేదు, ఏంటీ, ఒంట్లో బాలేదా అని దగ్గరికి రాబోయింది, అవతల ఇంకా నలుగురో అయిదుగురో మిగిలారు, అప్పుడు నాన్న గుర్తొచ్చాడు, మలుపులో వంతెన కిందికి పోయేముందు పడవ ముందుభాగాన నన్ను నిలబెట్టి, అవతల ఎవరున్నారో కనబడదు, వాళ్ళకు మనం కనబడం, గొంతుతో కాదురా, పొట్టతో అరవాలి, లేకపోతే రెండు పడవలూ ముక్కలవుతాయి అనేవాడు, నా వేళ్ళు కమ్మీని బిగించాయి, మోకాళ్ళు కాస్త వంగాయి, హో... య్, అని నాలోంచి లేచింది, ఇంత పెద్దది నాలో ఉందని నాకే తెలియదు, స్టాండ్ రేకులకు తగిలి మోగింది, కాలువ మీద బాతులు లేచాయి, మాంసం పైలు తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు, మూడువందల మంది నన్నే చూస్తున్నారు, డెస్మండ్ నోరు మొదటిసారి మూతపడింది, ఇక ఆగితే సిగ్గు, టాడ్‌వెల్ ముసలి పీనుగా, అని అరిచాను, ఇంకా పోలేదా నువ్వు!

అనేశాక తెలిసింది ఏమన్నానో, చుట్టూ ఎవరింట్లో ఎవరు పోయారో, డెస్మండ్ ఇక్కడే ఉన్నాడు, వాళ్ళన్నయ్య, గ్లెనిస్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, నేల చీలితే బాగుండును, అవతల వరస ఆగిపోయింది, గాలికి కార్నర్ జెండా కొట్టుకుంటున్న చప్పుడు, ఆ తర్వాత వరస చివర్లో, ఎవరినో పక్కకు తోసుకుని, ఒక పొట్టిమనిషి కమ్మీ దాకా వచ్చాడు, నేను పొడుగనుకున్నాను ఇన్నేళ్ళూ, ఆ బాట మీద అంత దగ్గర్నుంచి మనిషి ఎత్తు ఎక్కడ తెలుస్తుంది, మూతిగుడ్డ గడ్డం కిందికి లాక్కున్నాడు, ఎడమ భుజం దిగి ఉంది, నిన్ను పంపించకుండా ఎక్కడికి పోతాన్రా, అని అరిచాడు, అది నా మాటరా దొంగా, అని నేను, నువ్వు నా మాట ఎత్తుకెళ్ళావుగా, నాకేం మిగిలింది, అని వాడు, ముందు డెస్మండే నవ్వాడు, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, మా అన్నయ్య ఉంటే దీనికి చచ్చేదాకా నవ్వేవాడు అన్నాడు, అని మళ్ళీ నవ్వాడు, ఆ పైన మైదానం చుట్టూ నవ్వు పాకింది, గ్లెనిస్ కూడా బాణాల మాట మర్చిపోయి నవ్వుతోంది.

ఒరేయ్, నీ పేరేంట్రా, వాడి గొంతు మళ్ళీ వచ్చింది, దగ్గు అడ్డం పడినా వదల్లేదు, నీ పేరు తెలియక నాకెంత చాకిరీ అయిందో తెలుసా, మీ ఊరి పేపరు తెప్పించుకున్నాను, వారం వారం పోయినవాళ్ళ ఫొటోలన్నీ చూడాల్సి వచ్చింది, పేరు తెలిస్తే ఒక్క చూపులో అయిపోయేది, ముసలాళ్ళందరూ ఒకేలా ఉంటార్రా, ఒకసారి ఎవడినో చూసి నువ్వేననుకుని రెండు రోజులు తిండి తినలేదు, మూడోరోజు మా ఆవిడ భూతద్దం తెచ్చి చూసి, వీడికి చెవులు పెద్దవి కదయ్యా అంది, ఎనక్, అని అరిచాను, నా పేరు ఎనక్, ఇంత గట్టిగా నా పేరు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు, క్లెమ్, అన్నాడు వాడు, చెయ్యి గుండెల మీద కొట్టుకుని, క్లెమ్, అంతలో టాడ్‌వెల్ వాళ్ళు మొదలుపెట్టారు, ఎనక్ ఎనక్ నీకింకా టైముంది అని రాగం తీసి, మావాళ్ళు ఊరుకుంటారా, క్లెమ్ క్లెమ్ నీకింకా దగ్గుంది, అని వీళ్ళు, పాడకూడదండీ, పాడటం నిషేధం, అని గ్లెనిస్ మైకులో రెండుసార్లు అని, మూడోసారి ఆ మైకులోనే క్లెమ్ క్లెమ్ అని అందుకుంది, ఆటగాళ్ళు బయటికొచ్చి బిత్తరపోయి నిలబడ్డారు, మా గోల్‌కీపరు, ఇళ్ళ పైపులు బాగుచేసేవాడు, ఎవర్రా ఈ ఎనక్, కొత్త ఆటగాడా అని అడుగుతున్నాడు.

రెండో సగం మొదలైంది, నేను ఇంకా మధ్యగీత దగ్గరే ఉన్నాను, నన్ను కదలమనేవాళ్ళు ఎవరూ లేరు, అవతల క్లెమ్ కూడా కదల్లేదు, ఒకసారి చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను, బంతి మా ఇద్దరి మధ్య అటూ ఇటూ పోతోంది, ఎవరి గోలు మీదికి పోతోందో ఇద్దరిలో ఎవరూ చూడటం లేదు, మార్చి నుంచీ నేనొక్కణ్ణే ఎదురుచూస్తున్నాననుకున్నాను, ఎడ్నా పోయాక నేను ఉన్నానా లేనా అని వెతికే కన్ను ఈ భూమ్మీద లేదనుకున్నాను, కిటికీ దగ్గర కూర్చుని అనుకున్నాను, పొయ్యి ముందు నిలబడి అనుకున్నాను, నేనలా అనుకుంటున్న ప్రతి వారమూ టాడ్‌వెల్‌లో ఎక్కడో ఒక వంటింటి బల్ల ముందు, నా పేరు కూడా తెలియని ఒక మనిషి కళ్ళద్దాలు పెట్టుకుని, పోయినవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే వెతికి, వాటిలో నేను లేనని పేపరు మడిచి పక్కన పెట్టి, తృప్తిగా టీ తాగాడు.