తూబా ఖానుమ్ ఎక్కిన మెట్లు

"మహ్‌లఖా, నువ్వూ అమ్మా సంచుల దగ్గరుండండి. మేం చప్పున పైకప్పు ఎక్కి వచ్చేస్తాం" అన్నాడు నా భర్త సియామక్. అడగలేదు, చెప్పాడు. తెల్లవారకముందే లేచి, బంధువులందరికీ ఆకుకూర అట్లు వేసి, రొట్టెలు మూటగట్టి, ఫ్లాస్కుల్లో టీ నింపుకుని, టెహ్రాన్ నుంచి మినీబస్సులో కాషాన్ దాకా వచ్చింది ఈ పాతకాలపు వర్తకుడి భవంతి చూడడానికని నేననుకున్నాను. సంచులు చూడడానికని వాళ్ళనుకున్నారు.

అయినా కూర్చున్న చోటే ఆ ఇల్లు నన్ను కట్టిపడేసింది. నేల మట్టానికి దిగువన తోట, నడుమ పొడవాటి నీటి తొట్టి, చుట్టూ పూతకొచ్చిన దానిమ్మలు. గోడల మీద గచ్చుతో చేసిన పిట్టలు ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేలా ఉన్నాయి. రంగుటద్దాల్లోంచి దిగిన ఎండ ఎదుటి గది నేల మీద ఎర్రగా, నీలంగా పరుచుకుంది. ఇంత ఇంటినీ ఊడ్చిందెవరో అని నా బుద్ధి మళ్ళీ అటే పోయింది.

అత్తయ్య తూబా ఖానుమ్ దోసకాయల చెక్కు తీస్తోంది. "సంచుల దగ్గర కూర్చునే ఆడదే ఇంటికి మూలస్తంభం" అని నా పెళ్ళయిన కొత్తలో ఆవిడే అంది. ఆ మాట ఇన్నేళ్ళూ ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇవాళా అదే అంటుందని కాచుకుని కూర్చున్నాను.

"ఈ ఇంటికి నేను ఇదివరకే వచ్చాను" అంది ఉన్నట్టుండి. "పెళ్ళయిన ఏడాది. మీ మామయ్య పైకెళ్ళొచ్చి, 'బాగుంది తూబా' అన్నాడు. నేను చూసింది అంతే."

చేతిలో కత్తి ఆగలేదు. గొంతులో నిష్ఠూరమూ లేదు. నేను సంచులు పక్కకు నెట్టి లేచాను.

"లేవండత్తయ్యా. ఇప్పుడు చూద్దాం."

"పిచ్చిదానా, నా మోకాళ్ళు చూశావా? ఆ మెట్లు చూశావా?"

"పాక్కుంటూ ఎక్కుదాం. ఎవరేమనుకుంటే మనకేం?"

అంతలో అందరితో కలిసి సియామక్ దిగివచ్చాడు. "అబ్బ, పైన ఏం గాలి! ఇక తిందామా?"

"నువ్వు సంచులు చూస్తుండు. మేం పైకెళ్తున్నాం" అన్నాను.

"అమ్మ ఆ కాళ్ళతోనా? పైన ఏముందని, ఉత్త గుమ్మటాలు! ఫోన్లో తీశాలే, చూపిస్తా."

అత్తయ్య దోసకాయనూ కత్తినీ అతని చేతిలో పెట్టింది. "మిగతావి నువ్వు తరుగు నాన్నా."

ఇటుక మెట్లు ఇరుకు, నిటారు. ఆవిడ ఒళ్ళంతా కప్పుకున్న చాదర్ అంచు పళ్ళతో పట్టి, రెండు చేతులూ మెట్ల మీద ఆనించి పాకింది. వెనక నుంచి నడుము పట్టుకున్నాను. సగంలో చతికిలబడింది. ముఖం పాలిపోయింది. ఈవిడ పడిందంటే వీళ్ళు నన్ను బతకనివ్వరు.

"దిగిపోదామా అత్తయ్యా?"

"దిగడానికా ఇంత దూరం ఎక్కింది? పట్టుకో!"

పైకి వచ్చాం. మట్టిరంగు గుమ్మటాలు ఎండలో బంగారు కుండల్లా మెరుస్తున్నాయి. గాలిని గదుల్లోకి దించే బురుజులు, వాటి వెనక ఎడారి, ఆ పైన మంచు కరగని కొండలు. ఎక్కడినుంచో గులాబీల వాసన. చాదర్ తెరచాపలా ఎగురుతుంటే పట్టించుకోకుండా, ఆవిడ గుమ్మటం మీద అరచేయి పెట్టి నిలబడిపోయింది. ఇంత అందంగా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు.

"బాగుందిట!" అంది. "దీన్నా ఆయన 'బాగుంది' అన్నది? ఒక్క ముక్కా సరిగ్గా చెప్పలేదే!"

"అమ్మా, ఉప్పెక్కడ పెట్టారు?" కిందనుంచి సియామక్ కేక.

ఆవిడ అటు తిరగనైనా లేదు. కళ్ళు చిట్లించి వీధి అవతలికి చూస్తోంది.

"మహ్‌లఖా, ఆ ఎదుటి భవంతికీ పైకి మెట్లున్నాయంటావా?"